చెక్క డెక్‌కు మళ్ళీ పూత వేయడానికి కొటేషన్: ఒకే మొత్తం చెప్పమంటే ఏం చేయాలి?

ప్రశ్న

నేను తలుపులు, కిటికీలు, ఫర్నిచరుకు పాలిష్ పనులు చేసే చిన్న కాంట్రాక్టరును. ఆరుబయట ఉన్న చెక్క డెక్ (పలకలు పరచిన వేదిక) పాత పూత తీసి, కొత్త పూత వేయడానికి కొటేషన్ ఇమ్మని ఒక యజమాని అడిగారు. నేల భాగం సుమారు 400 చదరపు అడుగులు ఉంటుంది. మూడు వైపులా నిలువు కమ్మీల రెయిలింగు, ఒక పక్క మెట్లు ఉన్నాయి. ఎండ తగిలే వైపు పాత పూత పెచ్చులుగా లేస్తోంది కానీ, గోడ నీడ పడే వైపు గట్టిగానే పట్టుకొని ఉంది. నడిచే దారిలో పూత పూర్తిగా అరిగిపోయి చెక్క బూడిద రంగుకు తిరిగింది. గతంలో ఏ రకం పూత వేశారో, ఎన్నిసార్లు వేశారో యజమానికి తెలియదు.

ఆయన మధ్యలో మారని ఒకే మొత్తం కావాలంటున్నారు. ఇంకొక కాంట్రాక్టరు ప్రెషర్ వాషరుతో (నీటిని గట్టి ఒత్తిడితో చిమ్మే యంత్రం) కడిగి రెండు పూతలు వేస్తానని చాలా తక్కువకు ఒప్పుకున్నారట. నేను ఇంటి లోపలి పనులకు చదరపు అడుగుకు ఇంత అని లెక్కగట్టి చెబుతాను. ఆరుబయటి డెక్‌కు కూడా ఆ లెక్క సరిపోతుందా, లేక కొటేషన్‌ను వేరే విధంగా రాయాలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1

చదరపు అడుగు లెక్క పూత వేయడానికి సరిపోతుంది, పాత పూత తీయడానికి సరిపోదు. ఈ పనిలో కూలీలో ఎక్కువ భాగం పోయేది తీయడానికే. అది సులభంగా వస్తుందో, మొండికేస్తుందో చూడకుండా ఎంత అనుభవం ఉన్నవారు చెప్పిన మొత్తమైనా ఊహే అవుతుంది. కాబట్టి ధర చెప్పే ముందు యజమాని అనుమతి తీసుకొని, నీడ వైపు ఒక చోట, ఎండ వైపు ఒక చోట, రెండేసి అడుగుల మేర పాత పూతను తీసి చూడండి.

ముందుగా పూత రకం తెలుసుకోవాలి. పాలిష్ పనికి మీ దగ్గర స్పిరిట్ ఎలాగూ ఉంటుంది. తెల్ల గుడ్డను అందులో ముంచి పాత పూత మీద గట్టిగా రుద్దితే, నీటి ఆధారిత యాక్రిలిక్ పూత మెత్తబడి రంగు గుడ్డకు అంటుతుంది. నూనె ఆధారిత పూత చాలావరకు అలాగే ఉంటుంది. నూనె రకమైతే కాస్టిక్ సోడా కలిసిన స్ట్రిప్పరు (పాత పూతను ఊడదీసే మందు) పూసి, అది ఆరిపోకుండా కొంతసేపు ఉంచి, బ్రష్‌తో రుద్ది కడిగితే చాలావరకు వచ్చేస్తుంది. యాక్రిలిక్ రంగు పొరలు పొరలుగా ఉంటే ఆ స్ట్రిప్పరు అంతగా పనిచేయదు, చివరికి సాండింగ్ మెషిన్ పట్టుకోవలసి వస్తుంది. ఈ రెండింటి మధ్య కూలీలో ఎంత తేడా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

స్ట్రిప్పరు వాడితే చెక్క నల్లబడుతుంది, పైగా దానిలో క్షారం మిగిలిపోతుంది. తర్వాత ఆక్సాలిక్ ఆసిడ్ ద్రావణంతో కడిగితే క్షారం విరిగి చెక్క అసలు రంగుకు వస్తుంది, మేకుల చుట్టూ ఉన్న నల్లటి ఇనుప మరకలు కూడా తగ్గుతాయి. తక్కువ ధర కొటేషన్లలో సాధారణంగా ఎగిరిపోయేది ఈ దశే. కాబట్టి మీ కాగితంలో దీన్ని విడిగా ఒక వరుసలో చూపించండి. రెండు కొటేషన్లనూ పక్కపక్కన పెట్టినప్పుడు తేడా ఎక్కడ వచ్చిందో యజమానికే కనిపిస్తుంది.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ రెయిలింగు గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే కొత్తగా డెక్ పని పట్టేవారు నేలను కొలిచి రెయిలింగును కంటితో చూసి వదిలేస్తారు. మీది 20 అడుగుల చదరమనుకుంటే మూడు వైపులకు 60 రన్నింగ్ అడుగుల (పొడవు మాత్రమే లెక్కించే అడుగులు) రెయిలింగు ఉంటుంది. ఒకటిన్నర అంగుళం మందం ఉన్న కమ్మీలను 4 అంగుళాల సందుతో బిగించి ఉంటే, సుమారు 130 కమ్మీలు లెక్కకు వస్తాయి. ఒక్కొక్కటి 32 అంగుళాల పొడవున్నా, నాలుగు ముఖాలూ కలిపితే 170 చదరపు అడుగులు దాటుతుంది. పైపట్టీ, కిందిపట్టీ, స్తంభాలు దీనికి అదనం. అంతకంటే ముఖ్యమైన సంగతి, నేల మీద పెద్ద మెషిన్ నడిపించవచ్చు. కమ్మీల మధ్య చెయ్యి, చిన్న బ్రష్ తప్ప మరో దారి లేదు. నేలకు వేసిన రేటును రెయిలింగుకు వేయకండి. దాన్ని రన్నింగ్ అడుగుల్లో, మెట్లను ఒక్కో మెట్టు లెక్కన రాయండి.

మెటీరియల్ విషయంలో డబ్బా మీద అచ్చు వేసిన విస్తీర్ణాన్ని నమ్మి లెక్క కట్టకండి. ఏళ్ళ తరబడి ఎండకు ఎండి పగుళ్ళు బారిన పలక, ముఖ్యంగా దాని కోసిన చివర, నూనె పూతను చాలా ఎక్కువగా తాగుతుంది. మీరు నమూనాగా తీసిన చోటే కొత్త పూత కూడా వేసి చూస్తే ఎంత పడుతుందో తెలుస్తుంది, రంగుకు యజమాని ఒప్పుకోలు కూడా అక్కడే తీసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కమ్మీల లెక్క నేను ఊహించినదాని కంటే చాలా పెద్దది. మరి ప్రెషర్ వాషరుతో కడిగితే చాలని ఆ కాంట్రాక్టరు చెప్పిన మాటలో నిజం ఎంత? పైగా యజమాని లోపలి తలుపుల్లాగా మెరిసే వార్నిష్ కావాలని కూడా అంటున్నారు.

సమాధానం 3

ప్రెషర్ వాషరును పూర్తిగా తప్పు పట్టనవసరం లేదు, కానీ అది కడిగే యంత్రమే తప్ప పూత తీసే యంత్రం కాదు. పైన్ వంటి మెత్తని చెక్కకు 500 నుంచి 600 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చాలు. గట్టిగా ఉన్న పూతను ఊడగొట్టాలని ఒత్తిడి పెంచి నాజిల్‌ను దగ్గరగా పెడితే, చెక్కలోని మెత్తని వలయాలు కొట్టుకుపోయి గట్టి వలయాలు గీతలుగా మిగులుతాయి, ఉపరితలమంతా పీచు లేస్తుంది. అప్పుడు తప్పకుండా సాండింగ్ చేయవలసి వస్తుంది, అంటే ఆదా చేసిన కూలీ తిరిగి ఖర్చవుతుంది. సాండింగ్‌కు ముందు పైకి లేచిన మేకు తలలను లోపలికి దించాలి, లేకపోతే ఉప్పుకాగితాలు చిరుగుతూనే ఉంటాయి. డెక్ నేలకు 60 లేదా 80 నంబరు కాగితం దగ్గర ఆగాలి. ఫర్నిచరు అలవాటుతో ఇంకా నునుపు చేస్తే చెక్క రంధ్రాలు మూసుకుపోయి నూనె లోపలికి ఇంకదు. పాలిష్ పనివారికి ఆ చెయ్యి ఆపుకోవడం కష్టమే.

బూడిద రంగు వచ్చిన చోట కూడా జాగ్రత్త కావాలి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేయడం వల్ల ఆ రంగు వస్తుంది. ఆ వదులు పొర మీద ఎంత ఖరీదైన పూత వేసినా, పొరతో పాటు అదీ లేచిపోతుంది.

కడిగిన తర్వాత చెక్క ఆరాలి. తేమ మీటరు 15 శాతం లేదా అంతకంటే తక్కువ చూపించేవరకు పూత మొదలుపెట్టకండి. నీడ వైపు ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి మీటరును అక్కడే పెట్టి చూడాలి. ఈ అంకెను కొటేషన్‌లో రాస్తే, వాన వల్ల పని ఆగినప్పుడు యజమానితో వాదన ఉండదు.

మెరిసే వార్నిష్ గురించి నా అభిప్రాయం ఖచ్చితంగా వద్దనే. నేల పలకలకు నీరు కింది నుంచి, కోసిన చివరల నుంచి, మేకు రంధ్రాల నుంచి చేరుతుంది. పైన గట్టి పొర ఉంటే అది బయటికి పోలేక పొక్కులు లేపుతుంది. ఇప్పుడు మీరు చూస్తున్న పెచ్చులు చాలావరకు అలా వచ్చినవే అయి ఉండవచ్చు. నేలకు చెక్కలోకి ఇంకే స్టెయిన్ (పైన గట్టి పొర కట్టని రంగు పూత) వేసి, మెరుపు తప్పనిసరి అంటే రెయిలింగు పైపట్టీకి మాత్రం ఒప్పుకోండి.

సమాధానం 4

నేను యజమానుల వైపు నిలబడి కొటేషన్లు పరిశీలించే పని చేస్తాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను. ఒకే మొత్తం కావాలనేవారికి కావలసింది నిజానికి అంకె కాదు, మధ్యలో తమను ఇరకాటంలో పెట్టరన్న ధైర్యం. కడగడం, పూత తీయడం, ఆసిడ్ కడుగు, సాండింగ్, పూత, ఇవన్నీ నమూనా చూసిన తర్వాత స్థిరమైన మొత్తంగా ఇవ్వండి. చూడలేనివాటికి మాత్రం ముందే ఒప్పుకున్న రేటు రాయండి. పలకల చివరల్లో, స్తంభాల మొదట్లో, దూలాల మీద పలక ఆనే చోట స్క్రూడ్రైవరు గుచ్చి చూస్తే మెత్తగా దిగిపోయే పుచ్చు చెక్క ఎంత ఉందో అంచనా దొరుకుతుంది. మార్చవలసి వస్తే ఒక్కో పలకకు ఇంత అని రాయవచ్చు. కింది దూలాలు, గోడకు బిగించిన పట్టీ పుచ్చి ఉంటే అది పూత పని కాదు, మరమ్మతు పని. దాన్ని ఈ కొటేషన్‌లోకి రానివ్వకుండా, యజమానికి చూపించి విడిగా మాట్లాడండి.

చెక్క పాతదై, ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంటే ఆర్సెనిక్ కలిసిన మందుతో శుద్ధి చేసినది కావచ్చు. అమెరికాలో అలాంటి చెక్కను ఇళ్ళకు వాడడం 2003 చివరితో ఆపేశారు కానీ, అంతకుముందు కట్టిన డెక్‌లు ఇంకా ఉన్నాయి. అలాంటి చెక్కను గీకితే వచ్చే పొడి ప్రమాదకరం. మాస్కులు, కింద పట్టాలు పరచడం, పొడిని ఎత్తి వేరుగా పారవేయడం, వీటికి అయ్యే ఖర్చు కలపాలి.

గ్యారంటీ మాట కూడా తూచి రాయండి. లోపలికి ఇంకే స్టెయిన్ సక్రమంగా వేస్తే పెచ్చులు లేవదు, కాని నడిచే చోట రెండు మూడేళ్ళలో వెలిసిపోతుంది. అందువల్ల పెచ్చులకు గ్యారంటీ ఇచ్చి, రంగు వెలిసిపోవడం సహజమని, మళ్ళీ ఒక పూత అవసరమని స్పష్టంగా రాయండి. ఆ పూతకు పాతది పూర్తిగా తీయనక్కరలేదు, శుభ్రం చేస్తే చాలు. ఇప్పుడే దాని ధర కూడా చెబితే తక్కువకు ఒప్పుకున్న కాంట్రాక్టరు కంటే మీ లెక్క ఎందుకు మేలో యజమానికి అర్థమవుతుంది.

ఇంకొక్క మాట: నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి సైట్లో వదలకండి. ఆరుతున్నప్పుడు వాటిలో వేడి పుట్టి వాటంతట అవే అంటుకోగలవు. పని ముగిసిన ప్రతి సాయంత్రం వాటిని నీళ్ళలో ముంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి తీసుకుపోతామని కొటేషన్‌లో ఒక వాక్యం చేర్చండి.