క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్‌కి ముందు ఏ ఎపిసోడ్లు చూపించాలి?

అమలాపురంలో మా వీధి కుర్రాళ్లకి ఈ అయిదు భాగాల కథ (అమెరికన్ సూపర్‌హీరో టీవీ సిరీస్‌లు అయిదు కలిసి చెప్పింది) ప్రొజెక్టర్ మీద వేద్దామనండి. వరస తెలుసు: సూపర్‌గర్ల్, బ్యాట్‌వుమన్, ఫ్లాష్ (2019 డిసెంబరు), తర్వాత యారో, లెజెండ్స్ (2020 జనవరి 14). చిక్కల్లా ఒక్కో భాగం ఒక్కో సిరీస్‌లో ఉండటమే. యారో ఒక్కటే పెట్టుకుంటే నేరుగా నాలుగో భాగంలో పడతాం.

యారో హీరో ఆలివర్ మొదటి భాగంలోనే చనిపోతాడు. మానిటర్ అనే మహాశక్తిమంతుడితో అతని ఒప్పందం 2018లో ఇలాగే సిరీస్‌లు కలిపి తీసిన ఎల్స్‌వరల్డ్స్ కథలో, అదీ సూపర్‌గర్ల్ ఎపిసోడ్‌లో ఉంది. అది చూడనివాళ్లకి ఆ చావు గుండెకి తగలదు. నాలుగో భాగంలో అతన్ని మళ్లీ చంపడం మాత్రం పెద్ద తప్పు, మొదటి చావు బరువంతా పోయింది.

ఎల్స్‌వరల్డ్స్ మూడు భాగాలూ, యారో ఎనిమిదో సీజన్ మొదటి ఎపిసోడూ సరిపోతాయా? ఫ్లాష్ ఆరో సీజన్‌లో తప్పనిసరివి ఏవి? నంబర్లతో చెప్పగలరు.