ఒవెన్ తలుపు లాక్ పడింది, రావట్లేదు. ఎల్లుండి ఆర్డరు!

పటమట కేకులు:
అందరికీ నమస్కారం. మాది మాడ్యులర్ కిచెన్‌లో బిగించిన ఒవెన్, తనంతట తనే శుభ్రం చేసుకునే రకం. నిన్న రాత్రి పదింటికి క్లీనింగ్ పెట్టాను. గంటకల్లా కరెంటు పోయింది. పోవడమంటే తిన్నగా పోలేదు, వచ్చీ పోయీ మూడుసార్లు ఆడింది. అప్పట్నుంచి తాళం గుర్తు మినుకు మినుకుమంటోంది. పన్నెండు గంటలైంది, ఒవెన్ మంచులా చల్లబడింది, తలుపు మాత్రం ఊడి రాదు. ఎల్లుండికి రెండు కేజీల ప్లమ్ కేకు ఇవ్వాలి. సర్వీసు వాళ్లు వారం పడుతుందన్నారు. మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని వంటింట్లో తిరుగుతున్నారు.

ఆటోనగర్ అబ్బాయి:
ముందు బావగారి చేతిలోంచి ఆ స్క్రూడ్రైవరు లాగేసుకోండి అక్కా. అది టఫెన్డ్ గాజు. మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది కానీ అంచు మీద చిన్న పోటు పడితే మొత్తం పలుకులైపోతుంది. మెయిన్ బాక్సులో ఒవెన్‌కి కరెంటు కట్ చేసే ఎంసీబీ స్విచ్ దించి పది నిమిషాలాగి మళ్లీ ఎత్తారా?

పటమట కేకులు:
రెండుసార్లు చేశాను తమ్ముడూ. వేయగానే లోపల గర్ర్‌మంటుంది, కాసేపటికి ఆగిపోతుంది.

అరండల్‌పేట మల్టీమీటర్:
గర్ర్‌మంటోందంటే మంచి కబురేనమ్మా, మోటారు బతికే ఉంది. క్లీనింగ్‌లో లోపల 480, 500 డిగ్రీల దాకా పోతుంది. అంటుకున్న జిడ్డు బూడిదయ్యేది ఆ వేడికే. ఆ సెగలో ఎవరూ తలుపు తీయకుండా అరచేతిలో పట్టేంత మోటారొకటి తిరిగి కొక్కేన్ని లాగి పట్టేస్తుంది. కొక్కెం ఎక్కడుందో ఒవెన్‌ని నడిపే సర్క్యూట్ బోర్డుకి చెప్పేవి రెండు చిన్న స్విచ్‌లు, ఒకటి 'వేశాను' అంటుంది, ఒకటి 'తీశాను' అంటుంది. మీ కరెంటు ఆడిన ఆటకి కొక్కెం నడిమధ్యలో ఆగినట్టుంది. రెండు స్విచ్‌లూ మాట్లాడవు, బోర్డు బిత్తరపోయి చూస్తోంది.

ఇలా చేయండి. మళ్లీ క్లీనింగ్ మొదలుపెట్టండి. తాళం గుర్తు మినుకు ఆపి నిలకడగా వెలగ్గానే క్యాన్సిల్ కొట్టండి. మోటారు వెనక్కి తిరుగుతున్నంతసేపూ తలుపు పైభాగాన్ని అరచేత్తో లోపలికి నొక్కి పట్టుకోండి. లాగొద్దు. లాగితే కొక్కెం ఇంకా బిగుస్తుంది.

బ్రాడీపేట 4వ లైను:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా అన్నయ్య అమెరికా నుంచి సామాన్లతో పాటు అక్కడి ఒవెన్ కూడా కంటైనర్లో తెచ్చాడు. రెండు దేశాల్లోనూ 240 వోల్టులేగా అని మన ఎలక్ట్రీషియన్ తగిలించాడు. వేడెక్కుతోంది. క్లీనింగ్ పెట్టగానే తలుపు దగ్గర కాలిన వాసన, అంతటితో లాక్ పోయింది. ఎందుకంటారు?

అరండల్‌పేట మల్టీమీటర్:
అక్కడి 240 అంటే రెండు 120ల జోడీ బాబూ, మధ్యలో న్యూట్రల్. కాయిళ్లు రెండు తీగల మధ్యా 240 మీద నడుస్తాయి. దీపం, తాళం మోటారు లాంటి చిల్లర సరుకు చాలా మోడళ్లలో ఒక తీగకీ న్యూట్రల్‌కీ మధ్య 120 మీద ఉంటుంది. ఇక్కడ మన న్యూట్రల్‌ని అందులోకి కలిపితే ఆ 120 మోటారు మీద 230 పడుతుంది. మోటారుకి మీటరు పెట్టి చూడండి, ఓపెన్ అని, అంటే లోపల తీగ తెగిందని చూపిస్తే మోటారు కాయిలు మాడిపోయినట్టే. మోటారు మార్చినా వైరింగ్ సరిచేయకపోతే కొత్తదీ కాలుతుంది. అన్నయ్యకి చెప్పి ముందు మెయిన్ దించేయండి.

బ్రాడీపేట 4వ లైను:
దించేశాం. దాని మీద ప్రస్తుతం పచ్చడి జాడీలు పెట్టుకుంటున్నాం.

లబ్బీపేట పిన్ని:
ఈ తిప్పలన్నీ ఎందుకే అమ్మాయ్. వంటసోడా తడిపి రాత్రి పూసి వదిలేసి, పొద్దున్నే తుడిచెయ్యి. పదేళ్లుగా ఆ మీట జోలికే పోలేదు నేను. మొదటిసారి పెట్టినప్పుడు వచ్చిన పొగకి కిందింటి వాళ్లు పైకొచ్చారు.

ఆటోనగర్ అబ్బాయి:
పిన్నిగారూ, సోడా అద్దానికి సరే, కాయిళ్ల మీద పూయకండి. ఇంకోటి, ఇంట్లో లవ్‌బర్డ్స్ ఉన్నవాళ్లు క్లీనింగ్ పెట్టేముందు పంజరం ఇంకో ఇంట్లో పెట్టండి. నాన్‌స్టిక్ పూత వేడెక్కితే వచ్చే పొగకి పక్షులు ప్రాణాలతో మిగలవు.

పటమట కేకులు:
వచ్చేసిందండీ!! మూడోసారికి టక్‌మని వదిలింది. కొక్కెం దూరే సందులో టార్చి వేసి చూస్తే తారులా నల్లగా గడ్డకట్టిన పాకం. దీపావళికి చేసిన బెల్లం కేకు పొంగింది, అదీ ఇది. ఎంసీబీ దించేసి పళ్లుకుట్టుకునే పుల్లతో గీకితే గాజుపెంకుల్లా రాలింది.

అరండల్‌పేట మల్టీమీటర్:
బాగుంది. అది గీకాక కూడా తాళం మొరాయిస్తే వేడి కొలిచే సెన్సరు చూడాలి. లోపల ఇంకా వేడిగా ఉందని అది తప్పు చెప్తే బోర్డు తాళం తీయదు. పీటీ1000 రకమైతే సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓములు, 35 డిగ్రీల వంటింట్లో 1136 దాకా చూపించాలి. దానికి బాగా ఎక్కువుంటే సెన్సరు పోయినట్టు. పనిలో పని, ఒవెన్ వెనక గాలి సందు ఉందా? కార్పెంటర్లు అందంగా ఉంటుందని ప్లైతో మూసేస్తారు. వేడి పోయే దారిలేక, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే థర్మల్ కటౌట్ పడిపోతుంది, తాళం వేసినది వేసినట్టే ఉండిపోతుంది. నేను చూసిన వాటిలో సగం కేసులు ఇవే.

పటమట కేకులు:
వెనక నిజంగానే ప్లై కొట్టేసి ఉంది. కేకు ఇచ్చాక అతన్ని పిలుస్తా. ఇంతకీ కొక్కెం వెనక చిన్న స్ప్రింగు సాగిపోయి వేలాడుతోంది. గవర్నర్‌పేటలో ఎవరిదగ్గరైనా దొరుకుతుందా, లేక పాతదాన్నే ఒక చుట్టు కత్తిరించి తగిలించేయనా?

ఆటోనగర్ అబ్బాయి:
కత్తిరించకండి. ఆదివారం పాతది పట్టుకుని మా షెడ్డుకి రండి, అదే కొలతకి చుట్టించేద్దాం. బావగారిని కూడా తీసుకురండి, స్క్రూడ్రైవరు మాత్రం వద్దు.