రక్తమోడుతున్న టిటిల్ ఫోటో: గోడ మీద ఉంచాలా, తీసేయాలా?

రమణ (పిట్స్‌బర్గ్):

అందరికీ నమస్కారం. ఒక పాత ఫోటో గురించి మీరేమంటారో తెలుసుకోవాలని ఉంది. మొన్న ఆదివారం మా ఆఫీసు స్నేహితుడి ఇంట్లో దీని దగ్గరే మాటా మాటా పెరిగింది. ఇంటికొచ్చాక కూడా మనసు కుదురుగా లేదు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. 1964 సెప్టెంబర్ 20, ఇక్కడి పిట్ స్టేడియం. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కీ న్యూయార్క్ జెయింట్స్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ వై.ఎ. టిటిల్. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి చేతిలోకి రాగానే ఎటు విసరాలో క్షణాల్లో తేల్చుకునే ఆటగాడు. అతను విసరబోతుండగా జాన్ బేకర్ అనే భారీ మనిషి వచ్చి గుద్దేశాడు. బంతి స్టీలర్స్ ఆటగాడు చక్ హింటన్ చేతికి చిక్కింది, అతను దాన్ని జెయింట్స్ గీత దాటించి టచ్‌డౌన్ చేసేశాడు, అంటే పాయింట్లు కొట్టేశాడు.

ఇవేవీ ఫోటోలో లేవు. బంతి లేదు, బేకర్ లేడు. మోకాళ్ల మీద కూలబడిన టిటిల్ ఒక్కడే ఉన్నాడు. హెల్మెట్ ఊడిపోయింది. బట్టతల మీంచి ముఖం మీదికి రక్తం సన్నగా చారలు కట్టింది. రెండు చేతులూ తొడల మీద వాలిపోయాయి. చూపు నేల మీద ఉంది కానీ దేన్నీ చూస్తున్నట్టు లేదు. ఇంకో నెలకి 38 నిండుతాయి. అది అతని 17వ సీజన్, అదే ఆఖరిదీ అయింది.

తీసింది పిట్స్‌బర్గ్ పోస్ట్-గెజెట్ ఫోటోగ్రాఫర్ మోరిస్ బెర్మన్. ఇప్పుడు ఆ ఫోటో ఈ ఆటలో గొప్పవాళ్లని గౌరవించే మ్యూజియం, ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది. మా స్నేహితుడి హాల్లో కూడా పెద్ద ఫ్రేము కట్టి ఉంది. ఆదివారం వాళ్లావిడ ఒక్కటే అడిగింది: "తలకి దెబ్బ తగిలి తానెక్కడున్నాడో కూడా తెలియని మనిషిని, చూడ్డానికి బాగుందని సోఫా పైన తగిలించుకుంటామా?" వాళ్లబ్బాయి ఈ ఏడే స్కూల్ టీమ్‌లో చేరాడు. ఆవిడ బాధ నాకర్థమైంది.

అయినా ఉంచాలనే అన్నాను. ఆటల్లో గెలుపు ఫోటోలు లక్షల్లో ఉంటాయి. వయసైపోతోందని ఒంటికి తెలిసిపోయిన క్షణాన్ని ఇంత దగ్గరగా చూపించినది ఇంకోటి నాకు తెలియదు. ఈ ఆట మీద నాకు ప్రేమ పుట్టింది కూడా ఈ ఫోటో చూశాకే. మీరేమంటారు?

సునీత (న్యూజెర్సీ):

రమణ గారూ, నేను న్యూరాలజీ వార్డులో నర్సుని. మీ స్నేహితుడి భార్య మాటే నా మాట.

మీరు "వయసైపోయిన క్షణం" అంటున్నారు. నాకు అక్కడ కనిపించేది కంకషన్, అంటే తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిపోవడం. ఆ దెబ్బకి టిటిల్‌కి కంకషన్ అయింది, రొమ్ము ఎముక చిట్లింది. అయినా ఆ సీజన్‌లో మళ్లీ ఆడాడు. దేన్నీ చూడని చూపు అన్నారే, అలాంటి చూపు నేను డ్యూటీలో చూస్తూనే ఉంటాను. అందులో నాకు కవిత్వం కనబడదు. వెంటనే డాక్టర్ని పిలుస్తాం.

ఇంకో ఫోటో గుర్తు చేస్తాను. 1960 నవంబర్ 20, యాంకీ స్టేడియం. జెయింట్స్ ఆటగాడు ఫ్రాంక్ గిఫర్డ్ వెల్లకిలా పడి ఉన్నాడు, స్పృహ లేదు. అతని మీదుగా ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆటగాడు చక్ బెడ్నారిక్ పిడికిలి బిగించి నిలబడి ఉన్నాడు. తీసింది జాన్ జిమ్మర్‌మన్. ఆ దెబ్బతో గిఫర్డ్ 1961 సీజన్ మొత్తం ఆడలేదు, 1962లో గానీ మళ్లీ రాలేదు. అతను 2015లో చనిపోయాక మెదడును పరీక్ష చేయించి, సీటీఈ ఉందని కుటుంబమే బయటపెట్టింది. తలకి మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలినవాళ్లలో వచ్చే జబ్బు అది. మనిషి పోయాక మెదడు కణజాలం చూస్తేనే ఖాయంగా తేలుతుంది. ఆ ఒక్క దెబ్బ వల్లే వచ్చిందని నేననను, ఎవరూ అనలేరు. కానీ ఇంత తెలిశాక కూడా ఆ ఫోటోని పోస్టర్ వేసి అమ్ముకోవడం నాకు మింగుడుపడదు.

ప్రసాద్ (విజయవాడ):

నేను ఇరవై రెండేళ్లు పత్రికల్లో ఫోటోలు తీశాను. ఈ ఆట నియమాలు నాకంతగా తెలియవు కానీ ఫోటో గురించి చెప్పగలను.

టిటిల్ ఫోటోని బెర్మన్ పనిచేసిన పత్రిక అప్పుడు వేసుకోనేలేదు. మ్యాచ్ ఫోటో అంటే బంతి ఉండాలి, ఎవరో ఎవరినో పట్టుకోవాలి. ఇందులో ఏ కదలికా లేదని ఎడిటర్ పక్కన పెట్టాడు. బెర్మన్ దాన్ని పోటీలకి పంపాడు, బహుమతి వచ్చింది, ఆ తర్వాతే లోకానికి తెలిసింది. డెస్క్ మాట విని ఆయన ఆ నెగెటివ్‌ని డ్రాయర్‌లో పడేసి ఉంటే మనం ఈరోజు దీని గురించి మాట్లాడుకునేవాళ్లమే కాదు.

సునీత గారు చెప్పిన బెడ్నారిక్ ఫోటో గురించి ఒక్క మాట. చూడగానే ఏమనిపిస్తుంది? పడిపోయినవాడిని చూసి పొంగిపోతున్న రాక్షసుడిలా ఉంటాడు. గిఫర్డ్ చేతిలోంచి జారిన బంతిని ఈగల్స్ ఆటగాడు చక్ వెబర్ అందుకున్నాడు. అప్పుడు ఈగల్స్ 17-10తో ముందున్నారు, అది నాలుగో క్వార్టర్, అంటే ఆఖరి భాగం, దాంతో మ్యాచ్ దాదాపు చేతికి వచ్చేసినట్టే. ఆ సంబరమే తప్ప గిఫర్డ్‌కి ఏమైందో చూడనే లేదని బెడ్నారిక్ చెప్పుకొచ్చాడు. అది నియమం ప్రకారం కొట్టిన దెబ్బేనని గిఫర్డ్ కూడా ఒప్పుకున్నాడు. కానీ బంతి, వెబర్ ఫ్రేములో లేరు. షట్టర్ సెకనులో ఏ వందో వంతో తెరుచుకుంటుంది. ఆ కాస్త సమయం ఒక మనిషికి జీవితాంతం ముద్రగా మిగిలిపోయింది. కాబట్టి ఫోటో అబద్ధం చెప్పదు అనే మాటని నేను నమ్మను. నిజంలో ఒక ముక్కే చెబుతుంది.

నాకూ ఇలాంటిది జరిగింది. జిల్లా స్థాయి కబడ్డీ ఫైనల్లో ఓడిపోయిన టీమ్ అమ్మాయి ఒకతి గీత పక్కనే కూర్చుండిపోయింది, మోకాలు చీరుకుపోయి దుమ్ము అంటుకుని ఉంది. తీశాను. మా డెస్క్‌వాళ్లు అది వదిలేసి ముఖ్య అతిథి కప్పు ఇస్తున్న ఫోటో వేశారు. చాలా రోజులు బాధపడ్డాను. తర్వాత ప్రింట్ తీసుకుని ఆ అమ్మాయి వాళ్లింటికి వెళ్తే వాళ్ల నాన్న చేతిలోకి తీసుకుని చూశాడు, తిరిగి ఇచ్చేశాడు. "ఇది వద్దు సార్, నవ్వేది ఏదైనా ఉంటే ఇవ్వండి" అన్నాడు. ఆ ప్రింట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎక్కడా వేయలేదు.

కిరణ్ (డాలస్):

ప్రసాద్ అన్నా, చివరి పేరా చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

కానీ నేను రమణ గారి వైపే. దెబ్బ తిన్న మనిషి ఫోటోలు దాచేయాలంటే, ముందు జానీ బ్రైట్ ఫోటోల సంగతి తేల్చండి.

1951 అక్టోబర్ 20, ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్. డ్రేక్ యూనివర్సిటీ టీమ్‌లో నల్లజాతి ఆటగాడు జానీ బ్రైట్, దేశంలోనే పేరున్న ఆటగాళ్లలో ఒకడు. ఎదురు టీమ్ ఓక్లహోమా ఎ అండ్ ఎం. బ్రైట్‌ని కావాలని కొట్టబోతున్నారన్న పుకారు ముందే పాకింది. అది విని డి మొయిన్ రిజిస్టర్ పత్రిక ఫోటోగ్రాఫర్లు జాన్ రాబిన్సన్, డాన్ అల్టాంగ్ కెమెరాలు బ్రైట్ మీదే గురిపెట్టుకుని కూర్చున్నారు. మర్నాటి పేపర్‌కి ఫిల్మ్ కడగాలి కాబట్టి మొదటి క్వార్టర్ వరకే ఉండాలనుకున్నారు.

ఆ కొద్దిసేపట్లోనే అయిపోయింది. మొదటి ఏడు నిమిషాల్లో విల్‌బ్యాంక్స్ స్మిత్ అనే ఆటగాడు బ్రైట్‌ని మూడుసార్లు స్పృహ తప్పేలా కొట్టాడు. ఫోటోల వరుస చూడండి. బ్రైట్ బంతి ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆట అటు వెళ్లిపోయింది, అతను వెనకాల ఊరికే నిలబడి చూస్తున్నాడు. స్మిత్ బంతి వైపు పోకుండా నేరుగా బ్రైట్ మీదికి వచ్చి దవడ మీద కొట్టాడు. దవడ విరిగింది. విరిగిన దవడతోనే బ్రైట్ 61 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరాడు. ఆ తర్వాత ఇక ఆడలేకపోయాడు, డ్రేక్ 27-14తో ఓడింది.

ఆ ఫోటోలకి 1952లో అమెరికా పత్రికారంగంలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. అయినా ఆ రెండు టీమ్‌లూ ఆడే కాలేజీల కూటమి, అంటే కాన్ఫరెన్స్, స్మిత్ మీద ఏ చర్యా తీసుకోలేదు. నిరసనగా డ్రేక్ ఆ కాన్ఫరెన్స్‌లోంచి బయటికొచ్చేసింది. ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు ఈగల్స్ మొదటి రౌండ్‌లోనే ఎంచుకున్నా బ్రైట్ అమెరికాలో ఆడనని కెనడా వెళ్లిపోయాడు, అక్కడే గొప్ప ఆటగాడయ్యాడు, 1983లో అక్కడే పోయాడు. స్మిత్ ఆడిన యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది ఎప్పుడో తెలుసా? 2005లో. 54 ఏళ్ల తర్వాత, వినడానికి అతను లేనప్పుడు.

ఆ ఫోటోలే లేకపోతే ఆ క్షమాపణ కూడా ఉండేది కాదు. "ఆటలో మామూలే, దెబ్బలు తగులుతుంటాయి" అని ఆ రోజే తేల్చేసేవాళ్లు. చెప్పండి సునీత గారూ, వీటినీ తీసేద్దామా?

సునీత (న్యూజెర్సీ):

కిరణ్, బ్రైట్ ఫోటోలు తీసేయమని ఎవరన్నారు? అవి సాక్ష్యం. నువ్వు అన్నావు చూడు, "ఫోటోల వరుస" అని, అక్కడే ఉంది తేడా. అందులో ముందు ఏమైందో ఉంది, తర్వాత ఏమైందో ఉంది, ఎవరు చేశారో ఉంది. చూసినవాళ్లకి కోపం వస్తుంది.

టిటిల్ ఫోటోలో ముందూ లేదు, వెనకా లేదు. కొట్టినవాడు లేడు. అందుకే చూసేవాళ్లు "ఆహా, వీరుడు" అనేసుకుంటారు. గాయం కాస్తా అలంకారమైపోతుంది. అదీ నా బాధ. పదిహేనేళ్ల పిల్లాడు రోజూ ఆ ఫ్రేము కింద కూర్చుని అన్నం తింటే వాడికి ఏం ఎక్కుతుంది? తల తిరుగుతున్నా కోచ్‌కి చెప్పకుండా ఆడటమే మగతనం అని ఎక్కుతుంది. అలా చెప్పకుండా ఆడి వచ్చిన పిల్లల తల్లుల్ని నేను చూశాను. ఆస్పత్రి కారిడార్‌లో వాళ్లు "మాకు చెప్పలేదమ్మా" అని ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియదు.

ప్రసాద్ (విజయవాడ):

సునీత గారు చెప్పిన తేడా సరైనదే. ఒక్క ఫ్రేముకీ వరుసకీ మధ్య అంత తేడా ఉంది.

లక్ష్మణ్ (హైదరాబాద్):

మరి టిటిల్ ఏమనుకున్నాడో ఎవరూ అడగరేం? మొదట్లో ఆ ఫోటోలో అంత గొప్ప ఏముందో ఆయనకి అర్థం కాలేదు. పోనుపోను దాన్ని సొంతం చేసుకున్నాడు. 2009లో వచ్చిన తన ఆత్మకథ వెనక అట్ట మీద అదే వేయించుకున్నాడు. గాయం ఆయనది, ముఖం ఆయనది. ఆయనే సరే అన్నాక కాదనడానికి మనమెవరం?

ఇంకోటి. అందరూ ఫోజు ఇచ్చినవే కావాలంటే నోటర్ డేమ్ యూనివర్సిటీ టీమ్ ఫోటో ఉంది. 1924 అక్టోబర్ 18న వాళ్లు సైనిక అకాడమీ టీమ్ ఆర్మీని 13-7తో ఓడించారు. వెనక వరసలో ఆడిన నలుగురిని నాలుగు గుర్రాల రౌతులంటూ గ్రాంట్‌లాండ్ రైస్ అనే విలేకరి రాశాడు. టీమ్ ప్రచారం చూసే స్టూడెంట్ జార్జ్ స్ట్రిక్లర్ ఊరికి తిరిగి వెళ్లాక అద్దె గుర్రాలు తెప్పించి, యూనిఫాంలో ఉన్న ఆ నలుగురినీ ఎక్కించి ఫోటో తీయించాడు. దేశమంతా పాకిపోయింది. అందమైన ఫోటోనే, కాదనను. కానీ అందులో ఆట ఎక్కడుంది? ఆ నలుగురిలో ఎవరూ 162 పౌండ్లు దాటరు. ఆ ఒళ్లుతో ఎన్ని దెబ్బలు తిని ఉంటారో ఆ గుర్రాల మీద కనిపిస్తుందా? దెబ్బల ఫోటోలు తీసేస్తే మనకి గుర్రాలే మిగులుతాయి.

సునీత (న్యూజెర్సీ):

లక్ష్మణ్ గారూ, గుర్రాల మాట ఒప్పుకుంటాను. ఈ ఆట ఎలా ఉంటుందో దాచమని నేను అనట్లేదు. టిటిల్ ఒప్పుకున్నాడన్నది మాత్రం నాకు సరిపోదు. మనిషి తనకి జరిగినదానితో రాజీపడి బతకడం వేరు, మనం దాన్ని చూసి మురిసిపోవడం వేరు. పైగా గిఫర్డ్ కుటుంబంలా అందరి ఇళ్లల్లో పరీక్షలు చేయించరు. మాటకి నోచుకోనివాళ్లు ఎంతమందో.

రమణ (పిట్స్‌బర్గ్):

అన్నీ రెండుసార్లు చదివాను. నా మాట నేను పూర్తిగా వెనక్కి తీసుకోలేను, ఆ ఫోటో అక్కడ ఉండాలి. కానీ ఒక సంగతి నాకిప్పుడే తట్టింది. మా స్నేహితుడి ఫ్రేములో ఫోటో తప్ప ఇంకేమీ లేదు. పేరు లేదు, తేదీ లేదు. వాళ్లబ్బాయిని అడిగాను, "ఎవర్రా ఇతను?" అని. "ఎవరో పాత ప్లేయర్ అంకుల్, టఫ్ గై" అన్నాడు. ఇన్నాళ్లు రోజూ చూస్తున్నాడు, అంతే తెలుసు. సునీత గారి భయం సరిగ్గా అక్కడే కనిపించింది నాకు.

అందుకే ఫ్రేము కింద పెట్టడానికి చిన్న కార్డు రాశాను. స్నేహితుడు సరే అన్నాడు, వాళ్లావిడ ముందు చూపించమంది. ఇదీ:

"వై.ఎ. టిటిల్, 1964 సెప్టెంబర్ 20. అంతకుముందు ఏడాది 36 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి లీగ్ రికార్డు పెట్టాడు. జెయింట్స్‌ని వరుసగా మూడేళ్లు ఫైనల్‌కి తీసుకెళ్లి మూడూ ఓడిపోయాడు. ఈ మ్యాచ్ కూడా 27-24తో ఓడారు. ఈ దెబ్బకి రొమ్ము ఎముక చిట్లింది, కంకషన్ అయింది. ఆ సీజన్‌లో టీమ్ రెండే మ్యాచ్‌లు గెలిచింది. సీజన్ అయ్యాక ఆట మానేశాడు. 1971లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వచ్చాడు. ఫోటో: మోరిస్ బెర్మన్."

ఏమైనా తప్పుంటే చెప్పండి, రేపు ప్రింట్ తీయిస్తాను.

ప్రసాద్ (విజయవాడ):

ఫోటోగ్రాఫర్ పేరు వేసినందుకు సంతోషం రమణ గారూ. మేం పనిచేసినప్పుడు చాలాసార్లు అది కూడా ఉండేది కాదు.

సునీత (న్యూజెర్సీ):

బాగుంది. ఒక్క మార్పు. కంకషన్ అన్న మాట రికార్డుల తర్వాత ఎక్కడో ఐదో వాక్యంలో ఉంది. పిల్లాడు అంతవరకు చదవడు. తేదీ పక్కనే, మొదటి వాక్యంలో పెట్టండి. "ఈ ఫోటో తీసేటప్పటికి ఇతనికి కంకషన్ అయి ఉంది" అని.

రమణ (పిట్స్‌బర్గ్):

మార్చాను. ప్రింట్‌కి ఇచ్చేశాను.