"గడ్డకట్టిన జంతువుకు పునర్జన్మ": ఈ శీర్షికలో ఏ మాట నిలుస్తుంది?

పదచర్చ: క్లోనింగ్ (ఒక జంతువు కణంలోని కేంద్రకాన్ని, అంటే డీఎన్‌ఏ ఉండే భాగాన్ని, వేరే అండంలో పెట్టి పిల్లను పుట్టించడం) వార్త వచ్చినప్పుడల్లా కనిపించే శీర్షిక ఇది. "గడ్డకట్టిన" బదులు "ఘనీభవించిన" అంటే మెరుగవుతుందా? "పునర్జన్మ" సరైనదేనా? కొందరు "మృతసంజీవని" అనీ రాస్తున్నారు. క్లోనింగ్ పని తెలిసినవారు చెప్పండి.

కణశాల: ముందు "జంతువు" అన్న మాట పట్టుకుందాం. దాచేది జంతువును కాదండీ, దాని కణాలను. అమెరికాలోని నల్లకాళ్ల ఫెర్రెట్ (ముంగిసను పోలిన చిన్న జంతువు) సంగతే చూడండి. విల్లా అనే ఆడ ఫెర్రెట్ నుంచి 1988లో తీసిన కణాలను శాన్ డియేగోలోని "ఫ్రోజెన్ జూ" అనే కణాల భాండాగారంలో భద్రపరిచారు. వాటి నుంచి 2020 డిసెంబరు 10న ఎలిజబెత్ ఆన్ పుట్టింది. ఆ జాతి పూర్తిగా అంతరించలేదు గానీ, మిగిలినవన్నీ ఏడింటి సంతానమే. ఆ ఏడింటిలో విల్లా లేదు. అందుకే ఆ కణాలకు అంత విలువ.

దాచే తీరు ఇదీ. చెవి అంచును శుభ్రంగా తుడిచి మినపగింజంత ముక్క తీస్తారు. మిల్లీమీటరు తునకలుగా తరిగి పోషకద్రవంలో పెడితే, కొద్ది రోజులకు తునకల అంచుల నుంచి కణాలు పాకుతూ బయటికొస్తాయి. పళ్లెం నిండాక వాటిని సీరమ్, 10 శాతం డీఎంఎస్‌ఓ (చలి దెబ్బ నుంచి కాపాడే రసాయనం) కలిపిన ద్రవంలోకి మార్చి, మిల్లీలీటరుకు సుమారు 10 లక్షల కణాల చొప్పున చిన్న సీసాల్లో నింపుతారు. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 80 దాకా చల్లబరిచి, ఆ తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోకి దించుతారు.

అసలు మెలిక ఆ "నిమిషానికి ఒక డిగ్రీ"లో ఉంది. నీరు మొదట కణం బయట గడ్డకడుతుంది. మిగిలిన ద్రవం చిక్కబడి కణంలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీరు రావడానికి వ్యవధి కావాలి. తొందరపెడితే లోపలే మంచు పలుకులు పుట్టి పొరలను చీలుస్తాయి. మరీ ఆలస్యం చేస్తే ఉప్పు గాఢత పెరిగి కణం వడలిపోతుంది. అంటే గడ్డకట్టడం కణం బయట జరగాలి, లోపల జరగకూడదు. "గడ్డకట్టిన కణం" అని రాస్తే సరిగ్గా చెడిపోయిన కణాన్ని వర్ణించినట్టవుతుంది. "ఘనీభవించిన" అన్నా అదే అర్థం, కాస్త బరువైన చొక్కా తొడిగారంతే.

పదచర్చ: నెయ్యికి మన ఇళ్లలో రెండు మాటలున్నాయి కదా: "పేరుకుంది" అని, "పూసకట్టింది" అని. వాటిలో ఏదైనా ఇక్కడ పనికొస్తుందా?

కణశాల: చక్కగా పనికొస్తుంది. ఐస్ క్రిస్టల్‌కు "స్ఫటికం" కన్నా "పూస" సులువుగా అర్థమవుతుంది. ఒక సంగతి: సీసాను మైనస్ 80లోనే నెలల తరబడి మరిచిపోతే సన్న పలుకులు కరిగి పెద్దవాటిలో కలుస్తాయి. పూస లావెక్కుతుంది, కణాలు పోతాయి. కరిగించేటప్పుడూ ఇదే భయం. అందుకే సీసాను 37 డిగ్రీల నీళ్లలో పెట్టి ఒకటి రెండు నిమిషాల్లో కరిగిస్తారు. చివరి మంచు తునక ఇంకా ఉండగానే బయటికి తీసి, పోషకద్రవంతో పలచబరిచి డీఎంఎస్‌ఓను కడిగేస్తారు. ఆ మందు చలిలో కాపాడుతుంది, వెచ్చబడితే కణానికే హాని చేస్తుంది.

ఎలుకబోను: ఒక అభ్యంతరం. జపాన్‌లో వకయామా బృందం 2008లో క్లోన్ చేసింది మామూలు మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో 16 ఏళ్లు ఉన్న ఎలుకల నుంచి. ఏ రక్షణద్రవమూ లేదు. అక్కడ "గడ్డకట్టిన జంతువు" అక్షరాలా నిజమే కదా?

కణశాల: నిజమే, ఆ ఒక్కచోట ఆ మాటకు తిరుగులేదు. అయితే ఆ కణాలు బతికి లేవు. పొరలు చిరిగాయి, కేంద్రకం మాత్రం పనికొచ్చే స్థితిలో మిగిలింది. మెదడు కణాల కేంద్రకాలు బాగా పనిచేశాయి. పైగా ఆ కేంద్రకాలతో ముందు మూలకణాలు (ఏ రకం కణంగానైనా మారగలవి) తయారుచేసి, వాటితో క్లోన్ చేయాల్సి వచ్చింది. దాన్ని చూసి మామత్ (అంతరించిపోయిన బొచ్చు ఏనుగు) కూడా వస్తుందనుకోకూడదు. సుమారు 28,000 ఏళ్ల నాటి యుకా అనే మామత్ కేంద్రకాలను ఎలుక అండాల్లో పెట్టినట్టు 2019లో ప్రకటించారు. విభజనకు కావలసిన ఏర్పాటు కొంత మొదలైంది గానీ కణం విడిపోలేదు. డీఎన్‌ఏ అంతగా తునకలైపోయింది.

తోటపని: "క్లోన్" అన్న మాట గురించి. గ్రీకులో దాని మూలార్థం రెమ్మ, కొమ్మ. తోటల్లో పుట్టి ప్రయోగశాలకు వెళ్లిన మాట. మన దగ్గర దానికి సరితూగేది "అంటు". బంగినపల్లి అంటుచెట్లన్నీ ఒకే చెట్టు కొనసాగింపు కదా. ఇంకా లోతుగా చూస్తే, టెంక నుంచి మొలిచిన వేరుమొక్క ఒకటి, పైన కట్టే కొమ్మ ఇంకొకటి. క్లోనింగ్‌లో కేంద్రకం తీసేసిన అండం వేరుమొక్క లాంటిది, దాతకణం కొమ్మ లాంటిది.

కణశాల: ఈ పోలిక నాకు చాలా నచ్చింది. ఎలిజబెత్ ఆన్‌కు అండం ఇచ్చింది పెంపుడు ఫెర్రెట్. అందుకే దాని మైటోకాండ్రియా (కేంద్రకం బయట ఉండి కణానికి శక్తినిచ్చే భాగాలు) డీఎన్‌ఏ పెంపుడు జాతిది, కేంద్రక డీఎన్‌ఏ విల్లాది. "నకలు", "జిరాక్స్" అనే మాటల్లో ఈ వేరుమొక్క జాడ దాగిపోతుంది, "అంటు"లో దాగదు. కాకపోతే "అంటువ్యాధి" గుర్తొస్తుంది కాబట్టి ఒంటరిగా వాడలేం. "కేంద్రకపు అంటు" అంటే సరిపోతుంది.

పదచర్చ: మరి మృతసంజీవని?

పాతపద్యం: అది ఒప్పుకోకూడదండీ. శుక్రుడు ఆ విద్యతో బతికించినప్పుడల్లా కచుడు కచుడుగానే లేచాడు. బూడిద చేసి సురలో కలిపి తాగించాక కూడా, గురువు పొట్ట చీల్చుకుని వచ్చింది అదే శిష్యుడు, అదే జ్ఞాపకంతో. క్లోన్ వేరొక తల్లి కడుపున పుట్టే పసికూన. "పునర్జన్మ" అన్నా ఆ జీవమే తిరిగొచ్చిందన్న అర్థం వస్తుంది. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ఎన్‌డీఆర్‌ఐలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన గేదెదూడకు "సమరూప" అని పేరు పెట్టారు. రూపం సమానం అన్నారే గానీ ప్రాణం తిరిగొచ్చిందనలేదు. ఎంత జాగ్రత్త గల పేరో! ఆ దూడ కొద్ది రోజులే బతికింది, అది వేరే బాధ.

కణశాల: బతకకపోవడం అరుదు కాదు. స్పెయిన్‌లో సెలియా అనే చివరి బుకార్డో కొండమేక చెవి నుంచి 1999లో కణాలు తీశారు. 2000 జనవరిలో చెట్టు మీదపడి అది చనిపోయింది. 2003లో దాని క్లోన్ పుట్టి, ఊపిరితిత్తుల లోపంతో నిమిషాల్లో పోయింది. బతికినా దానికి జోడు ఎక్కడ? దాచినవన్నీ ఒక్క ఆడదాని కణాలే. కాబట్టి "జాతికి పునరుజ్జీవం" అనే మాటకు చాలా జంతువుల కణాలు, ఆడా మగా రెండూ కావాలి. హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆసియా చీతాను క్లోన్ చేయాలనుకున్నప్పుడు చిక్కు వచ్చిందీ కణాల దగ్గరే. ఆ చీతాలున్న ఇరాన్ వాటిని ఇవ్వలేదు.

పదచర్చ: అయితే శీర్షిక "దాచిన కణం నుంచి కొత్త పిల్ల" అని మార్చవచ్చా?

కణశాల: తప్పకుండా. "దాచిన" అన్నది గాజుకట్టే పద్ధతికీ సరిపోతుంది. అండం మామూలు కణాల కన్నా చాలా పెద్దది, సుమారు మిల్లీమీటరులో పదోవంతు. లోపల నీరెక్కువ, నెమ్మదిగా చల్లబరిస్తే తట్టుకోదు. అందుకే గాఢమైన రక్షణద్రవంలో కొద్దిసేపు ఉంచి, సన్నని పట్టీ మీద బొట్టంత ద్రవంతో నేరుగా నత్రజనిలో ముంచుతారు. నీటికి పూసకట్టే వ్యవధి ఉండదు, గాజులా బిగుసుకుంటుంది. అక్కడ గడ్డ అన్నదే లేదు.