రెండో పిక్‌లో పచ్చి సెంటర్: వైజ్‌మన్ ఎంపిక తప్పా ఒప్పా, ఎట్టా తేల్చాలి?

కావలి పివట్ (ప్రశ్న):

ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2020 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని తీసుకునే రోజు, ఒక్కో వంతు ఒక పిక్) రెండో పిక్ పెట్టి జేమ్స్ వైజ్‌మన్‌ని తీసుకున్నారు గదా, దాని మీద మా పొద్దుటి బ్యాచ్‌లో వాదన ఇంకా తెగలా. ‘రెండో పిక్ తీసకపోయి పెన్నలో కలిపారు’ అని ఒక పక్క. ‘మోకాలు పోతే పిలగాడేం చేస్తాడు, తీసుకున్నోళ్లేం చేస్తారు’ అని ఇంకో పక్క. రెండూ కొట్టిపారేసే మాటలు కాదు, అట్టని లెక్క తేల్చే మాటలూ కాదు.

నేనడిగేది ఏందంటే, ఆట ఇంకా రాకుండా ఒడ్డూ పొడుగూ మాత్రం ఉన్న పంతొమ్మిదేళ్ల సెంటర్‌ని (రింగు దగ్గర ఆడే పొడుగు మనిషిని) తీసుకోవడం సరైన పనో కాదో ఏం చూసి చెప్పాలి? ఎన్నేళ్లు ఆగాలి? మొదటి ఏడు అంకెల్లో ఏవి నమ్మాలి, ఏవి పక్కన పెట్టాలి? ఇంకోటి, జిల్లా అండర్-16 సెలక్షన్స్‌కి ఆరడుగుల అయిదంగుళాల పిలగాడు వచ్చి, బంతి పట్టి ఆర్నెల్లే అయిందంటే, అక్కడా ఇదే కొలబద్ద పనికొస్తుందా? ‘ఎత్తు నేర్పించలేం’ అనే మాట మాత్రం వద్దు, అది స్టేడియం వాచ్‌మన్ కూడా చెప్తాడు.

ఒంగోలు రీబౌండ్:

ముందు రెండు ప్రశ్నలు విడదీయండి. డ్రాఫ్ట్ రాత్రి తెలిసినదాన్ని బట్టి ఎంపిక ఎట్టా ఉంది అనేది ఒకటి, తర్వాత ఏం జరిగింది అనేది ఇంకోటి. మోకాలి సంగతి రెండోదాన్లోకి వస్తుంది. 2021 ఏప్రిల్‌లో కుడి మోకాలి మెనిస్కస్ (కీలు లోపలి మృదులాస్థి) చిరిగింది, 2021–22లో ఒక్క మ్యాచ్ ఆడలా, ఆ ఏడే వారియర్స్ కప్పు కొట్టారు. 2023 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కి పంపేశారు. ఇందులో ఏదీ 2020 నవంబర్ 18న ఎవరికీ తెలీదు.

ఆ రోజు తెలిసిందేంది? మెంఫిస్ యూనివర్సిటీకి ఆడింది మూడే మ్యాచ్‌లు. కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ 12 మ్యాచ్‌ల సస్పెన్షన్ వేస్తే, అది పూర్తికాకుండానే డిసెంబర్‌లో కాలేజీ వదిలేశాడు. అంటే డ్రాఫ్ట్ నాటికి ఏడాదిగా మ్యాచ్ మొహం చూడని కుర్రోడు. ఏడడుగుల మనిషి, పరుగుంది, గెంతుంది. స్క్రీన్ (మనోడి కోసం అవతలోడికి అడ్డం నిలబడటం) ఎప్పుడు పెడతాడు, ఎప్పుడు వదిలి రింగు వైపు తిరుగుతాడు అని చూద్దామంటే టేపే లేదు. పైగా కరోనా వల్ల ఆ ఏడు కొత్తోళ్లు ఆడే సమ్మర్ లీగ్ లేదు, ట్రైనింగ్ క్యాంపు మొదలయ్యే వేళకి అతనికే కరోనా.

ఇక తీసుకున్న జట్టు సంగతి. 2019–20లో 15 గెలిచి 50 ఓడారు కాబట్టి ఏళ్ల తరబడి కట్టుకునే జట్టు అనిపిస్తుంది. కాదు. జట్టుకి పెద్ద దిక్కు స్టెఫెన్ కర్రీ చెయ్యి విరిగి, క్లే థాంప్సన్ మోకాలి లిగమెంట్ తెగి కూర్చున్న ఏడు అది. డ్రాఫ్ట్ నాటికి కర్రీకి 32 ఏళ్లు, సరిగ్గా ఆ రోజే క్లేకి అకిలీస్ తెగింది. ఆగే టైం లేని జట్టు. వాళ్ల ఆటలో సెంటర్ పని రింగు కింద ఎగరడం కాదు. ఫ్రీ త్రో లైన్ పక్కన బంతి పట్టుకుని, కర్రీ ఎటు తిరుగుతాడో చూసి చేతికందించి, అదే అడుగులో అతని మనిషికి అడ్డం నిలబడాలి. 2015లో 30వ పిక్‌గా వచ్చిన కెవాన్ లూనీ, ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలే, ఆ పని చేసే 2022లో నిలబడ్డాడు.

మామిడికాయ పచ్చిదే కొంటాం, తప్పేం లేదు. రేపే పండు కావాలనుకున్నోడు, మాగేయడానికి ఇంట్లో వరిగడ్డి లేనోడు ఎందుకు కొనాల? నా లెక్కలో తప్పు అక్కడుంది.

అదే డ్రాఫ్ట్‌లో ఉన్న గార్డు ‘హాలిబర్టన్‌ని వదిలేశారు’ అని కొందరనే మాట మాత్రం ఒప్పుకోను. అతను 12వ పిక్, అంతకు ముందు 11 పిక్కులు అతన్ని దాటుకునే పోయినాయి. మూడో పిక్ లమెలో బాల్ దగ్గర వాదించొచ్చు. ఆరో పిక్ ఒన్యెకా ఒకాంగ్వు దగ్గర ఇంకా గట్టిగా వాదించొచ్చు. అతనూ లోపల ఆడేవాడే, 28 కాలేజీ మ్యాచ్‌ల టేపుంది, కాళ్లు అప్పటికే డిఫెన్స్ నేర్చి ఉన్నాయి.

దర్శి స్కోర్‌షీట్:

అంకెల మాట నేను చెప్తా. పచ్చి సెంటర్ విషయంలో మొదటి ఏడు మ్యాచ్ సగటు చూడకూడదు, 36 నిమిషాల లెక్కకి మార్చుకోవాలి. సగటుని 36తో గుణించి, ఆడిన నిమిషాలతో భాగించడమే.

వైజ్‌మన్ మొదటి సీజన్: 39 మ్యాచ్‌లు, 21.4 నిమిషాలు, 11.5 పాయింట్లు, 5.8 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని పట్టడం), 0.9 బ్లాకులు (అవతలోడి షాటుని తట్టేయడం). పోల్చడానికి ఇంకో పచ్చి సెంటర్, రూడీ గొబేర్ మొదటి సీజన్ (2013–14): 45 మ్యాచ్‌లు, 9.6 నిమిషాలు, 2.3 పాయింట్లు, 3.4 రీబౌండ్లు, 0.9 బ్లాకులు. పేపర్లో చూస్తే గొబేర్ బెంచీ మీద కూర్చునే మనిషి. ఇప్పుడు మార్చండి. పాయింట్లు వైజ్‌మన్‌కి 19.3, గొబేర్‌కి 8.6. రీబౌండ్లు వైజ్‌మన్‌కి 9.8, గొబేర్‌కి 12.8. బ్లాకులు వైజ్‌మన్‌కి 1.5, గొబేర్‌కి 3.4. సగటులో ఇద్దరికీ అదే 0.9, కానీ ఒకడు దాన్ని సగం కంటే తక్కువ టైంలో తెచ్చాడు. తర్వాత గొబేర్ నాలుగుసార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు.

దీన్నుంచి నేను తీసుకునేది ఇదీ: పచ్చి సెంటర్ పాయింట్లు మోసం చేస్తాయి. కర్రీ మీదికి ఇద్దరు పోతే రింగు పైకి విసిరే లాబ్ పాస్ ఎవడికైనా వస్తుంది. రీబౌండు, బ్లాకు, ఫౌలు, ఈ మూడే పిలగాడి సొంత సొత్తు. ఫౌలు ఎందుకంటే, ఆలస్యంగా కదిలినోడే చెయ్యి వేస్తాడు. 36 నిమిషాల లెక్కలో ఆరు దాటితే ఆ మనిషి ఆట ముగిసేదాకా ఉండడు, ఎన్‌బీఏలో ఆరో ఫౌలుకి బయటికే గదా. ఫ్రీ త్రో శాతం కూడా పెద్దగా నమ్మొద్దు. వైజ్‌మన్‌ది 62.8, గొబేర్‌ది 50కి లోపలే. ఒక జాగ్రత్త: తొమ్మిది నిమిషాలు ఆడేవాడు ఎక్కువగా అవతలి బెంచీ మీదోళ్లతో ఆడతాడు, కాబట్టి ఈ గుణకారం కాస్త ఉబ్బిస్తుంది. తేడా రెండింతలు ఉన్నప్పుడే నమ్మాలి.

ఎన్నేళ్లు ఆగాలి అంటే, అది తేల్చేది ఆట కాదు, కాంట్రాక్టు. మొదటి రౌండు పిక్‌కి రెండేళ్ల డబ్బు గ్యారంటీ, మూడో ఏడు, నాలుగో ఏడు జట్టు ఇష్టం. మూడో ఏడు ఉంచుకుంటారా లేదా అనేది రెండో సీజన్ మొదలయ్యే రోజుల్లో, అక్టోబర్ 31 లోపల చెప్పేయాలి. ఒక్క సీజన్ చూసి! సెంటర్లకి మూడు నాలుగేళ్లు పడుతుంది. అందుకే తీసుకున్న జట్టు నీళ్లు పోస్తే, కాయలు ఇంకోడు కోసుకుంటాడు. టైసన్ చాండ్లర్ 2001లో రెండో పిక్, స్కూలు నుంచి నేరుగా వచ్చాడు. షికాగో అయిదేళ్లు ఉంచుకుని 2006లో వదిలేసింది. అతను కప్పు కొట్టింది 2011లో డాలస్‌కి, డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డు 2012లో న్యూయార్క్‌లో. పిలగాడు బంగారం, షికాగోకి మాత్రం గిట్టుబాటు కాలా. రెండూ ఒకేసారి నిజం కావొచ్చు.

ధర కూడా చూడాలి. గొబేర్ 27వ పిక్, డిఆండ్రే జోర్డాన్ 35. అక్కడ పచ్చికాయ పోయినా పోయేదేం లేదు. సత్నామ్ సింగ్‌ని 2015లో డాలస్ 52వ పిక్‌తో తీసుకుంది, ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలా, అయినా దాన్ని చెడ్డ ఎంపిక అన్నోడు లేడు.

కావలి పివట్:

అన్నా, లెక్క బాగుంది. కానీ హషీమ్ థబీట్ సంగతేంది? 2009లో రెండో పిక్, ఏడడుగుల మూడంగుళాలు, కాలేజీలో చివరి రెండేళ్లూ మ్యాచ్‌కి నాలుగుకు పైగా బ్లాకులు. మీ మూడు అంకెల్లో పెద్దది అతని దగ్గరుందే. అతని తర్వాత మూడో పిక్‌లో హార్డెన్, ఏడో పిక్‌లో కర్రీ పోయారు.

పెన్నాగట్టు:

థబీట్‌ని పచ్చి అనడమే పొరపాటు తమ్ముడూ. టాంజానియాలో పదిహేనేళ్ల వయసులో బంతి పట్టాడు, ఒప్పుకుంటా. కానీ డ్రాఫ్ట్ నాటికి 22 ఏళ్లు, కనెక్టికట్ యూనివర్సిటీలో మూడు సీజన్లు ఆడి ఉన్నాడు. మూడేళ్లు కోచింగ్ తీసుకున్నాక కూడా కాళ్లు కదలకపోతే ఇక అంతే అనుకోవాలి. పైగా అతన్ని తీసుకున్న మెంఫిస్ గ్రిజ్లీస్‌లో మార్క్ గాసోల్ అప్పటికే సెంటర్. నిమిషాలే లేని చోటికి తీసుకపోయారు, 2010 ఫిబ్రవరికల్లా ఎన్‌బీఏ కింది లీగ్ అయిన డి-లీగ్‌కి పంపారు.

బ్లాకుల గుట్టు రూల్లో ఉంది. కాలేజీలో డిఫెండర్ రింగు కింద ఎంతసేపైనా నిలబడొచ్చు. ఎన్‌బీఏలో 2001–02 నుంచి డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ ఉంది, ఎవడినీ కాయకుండా పెయింటులో (రింగు ముందు రంగేసిన చోట) మూడు సెకన్లు మించి నిలబడితే టెక్నికల్ ఫౌల్. అంటే బయటికి పోవాల, మళ్లా లోపలికి రావాల. రింగు కింద పాతిన స్తంభానికి ఆ రాకపోకలు తెలీవు.

అందుకే టేపు చూసేటప్పుడు బంతిని వదిలేసి సెంటర్ పాదాలే చూడండి, ఒక క్వార్టర్ చాలు. అవతలోళ్లు పిక్ అండ్ రోల్ (స్క్రీన్ పెట్టి రింగు వైపు తిరగడం) ఆడినప్పుడు వెనక్కి జారుతాడు గదా, దాన్నే డ్రాప్ అంటారు, అప్పుడు నడుం కిందికి ఉందా, లేక తాటిచెట్టులా నిలువుగా వెనక్కి నడుస్తున్నాడా? నిలువుగా ఉన్నోడు గెంతాలంటే ముందు మోకాలు వంచాలి. ఆ అర సెకనులో గార్డు లే-అప్ వేసేసి తిరిగి పోతుంటాడు. చేతులు చూడండి: ఒకటి బంతి మీదికి, ఇంకోటి లాబ్ దారిలో పైకి ఉండాలి. షాటు లేచినప్పుడు బంతిని చూస్తూ నోరు తెరుచుకుని ఉన్నాడా, ముందు మనిషిని వీపుతో వెతుక్కున్నాడా? బంతి చేతికి రాగానే నడుం దాకా దించుతున్నాడా? దించితే ఏడడుగుల ఎత్తు ఉండీ లాభం లేదు, ఆరడుగులోడు కొట్టేస్తాడు.

ఇందులో నేర్పితే వచ్చేవి ఉన్నాయి, రానివి ఉన్నాయి. బంతి దించడం మూడు నెలల్లో మాన్పించొచ్చు. మనిషిని వెతుక్కోవడం ఒక సీజన్. నడుం బిగుసుకుపోయినోడికి డ్రాప్ నేర్పడం అన్నిటికంటే కష్టం. పట్టు లేని అరచేతులకి మందు లేదు.

కందుకూరు విజిల్:

జిల్లా సెలక్షన్స్ గురించి ఎవరూ చెప్పలా, నేను చెప్తా. ఎన్‌బీఏ కొలబద్ద ఉన్నదున్నట్టు పనికిరాదు, ఎందుకంటే మనం ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్. ఈడ డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ లేదు. 2–3 జోన్‌లో (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు తమ చోటు కాయడం) నడుమ నిలబెట్టి చేతులు పైకెత్తమంటే ఆర్నెల్ల పిలగాడు కూడా రేపే పనికొస్తాడు. ఇంకోటి, షాటు వేసిన బంతి రింగుకి తగిలాక దాని పైన ఉండగానే తట్టొచ్చు, ఎన్‌బీఏలో అది తప్పు. పొడుగు పిలగాళ్లలో చాలామందికి ఇది తెలీక చూస్తూ ఉంటారు. ఒక్క వారంలో నేర్పించండి. ఎదురు లెక్క ఫౌళ్లది, అయిదుకే బయటికి. క్వార్టర్‌కి నాలుగైదు నిమిషాలకి మించి ఆడించొద్దు.

జట్టులో 12 మంది. పచ్చివాడు పన్నెండో చోటుకైతే ధర లేనట్టే, తీసుకోండి. అయిదో చోటుకైతే ఆడటం వచ్చిన ఇంకొకర్ని ఇంటికి పంపుతున్నారు, అప్పుడు పరీక్ష పెట్టండి.

నేను చెప్పే పరీక్ష రెండు రోజులది. మొదటిరోజు వేళ్లకి సుద్దపొడి రాసి గోడ పక్కన నిలబెట్టి, చెయ్యెత్తించి గుర్తు పెట్టండి. ఒకే ఎత్తున్న ఇద్దరి మధ్య ఈడ నాలుగైదు వేళ్ల తేడా వస్తుంది, ఆటలో పనికొచ్చేది ఈ కొలతే. తర్వాత ఆగకుండా మూడు గెంతులు. మూడో గుర్తు మొదటిదానికంటే జానెడు కిందుంటే రీబౌండుకి రెండోసారి లేవలేడని అర్థం. తర్వాత అయిదు మీటర్ల నుంచి 20 పాసులు: పది ఛాతీకి, అయిదు మోకాళ్ల దగ్గర, అయిదు తలపైన. రెండు చేతులతో పట్టి నిలిపినవే లెక్క. పన్నెండు లోపలైతే ఆలోచించాలి. చివర పావుగంట ఒక్క డ్రాప్ స్టెప్ (ఒక కాలు వెనక్కి వేసి రింగు వైపు తిరిగే అడుగు) నేర్పి పంపండి. రెండోరోజు ఏమీ గుర్తుచేయకుండా అదే చేయమనండి. మొదటిరోజు గెంతులు బాగున్నోడి కంటే, రెండోరోజు అడుగు గుర్తున్నోడినే నేను తీసుకుంటా.

ఒంటి సంగతులు రెండు. ఎదిగే వయసులో మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి వస్తుంది, సిమెంటు కోర్టు మీద గెంతులు తగ్గించకపోతే ముదురుతుంది. రెండోది పెద్దది. ఎత్తుకి మించి బారు చేతులు, సన్నటి పొడుగు వేళ్లు, పిడికిలి మూస్తే బొటనవేలు అవతలికి పొడుచుకు రావడం, ఎక్కువ పవరు కళ్లద్దాలు, ముందుకి పొడుచుకొచ్చిన లేదా లోపలికి గుంటపడిన ఛాతీ, ఇవి రెండు మూడు కలిసి ఉంటే మార్ఫాన్ సిండ్రోమ్ అనుమానించి గుండెకి ఎకో (స్కానింగ్) తీయించాలి. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం సాగి చిరిగే జబ్బు అది. 2014లో ఐజయా ఆస్టిన్‌కి డ్రాఫ్ట్‌కి కొద్దిరోజుల ముందే ఇది బయటపడింది. బారు చేతులు ఒక్కటే చూసి హడలిపోవద్దు, మంచి సెంటర్లలో చాలామందికి అవి ఉంటాయి.

కావలి పివట్:

సార్, వయసు సర్టిఫికెట్ల సంగతి? పదహారు అని వస్తారు, గడ్డం చూస్తే పంతొమ్మిది.

కందుకూరు విజిల్:

ఎడమ మణికట్టు ఎక్స్‌రేలో ఎదుగుదల గీతలు కనపడతాయి, అబద్ధం ఉంటే చాలావరకు అక్కడ దొరుకుతుంది. అది ఇంకో రకంగానూ ఉపయోగమే. గీతలు మూసుకుపోయి ఉంటే ఆ పిలగాడు ఇక పెరగడు, ఇప్పుడున్న ఆరడుగుల అయిదే లెక్కేసుకుని ఫార్వర్డ్ (సెంటర్ కంటే రింగుకి బయటగా ఆడేవాడు) ఆట నేర్పండి. తెరుచుకుని ఉంటే సెంటర్ అనుకోవచ్చు, మూణ్ణెల్లకోసారి కొలవండి. బూట్లు విప్పించి, పొద్దుటి పూటే. సాయంత్రానికి సెంటీమీటరు దాకా తగ్గుతారు, బూటు వేస్తే ఎత్తు ఎక్కువ కనపడుతుంది.