డీఎన్‌ఎస్‌సెక్ ఆపినా పాత డీఎస్ రికార్డు పోవట్లేదు, డొమైన్ అమ్మకం ఆగిపోయింది

భీమవరం నుంచండి. ఆక్వా స్టార్టప్‌లకి నప్పుతుందని కొన్న డాట్ కామ్ పేరొకటి బ్రాండబుల్ డొమైన్ల మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాను. వాళ్లు పేరుని అమ్మకానికి తీసుకున్నారు, ధరా ఖాయమైంది. నేమ్‌సర్వర్లు (పేరుకి ఏ ఐపీయో చెప్పే సర్వర్లు) వాళ్లవి పెట్టాక వెరిఫికేషన్ మాత్రం ఫెయిలవుతోంది. అదే రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే కంపెనీ) దగ్గరున్న నా మిగతా పేర్లు ఇవే సెట్టింగులతో గంటలో పాసయ్యాయి.

డొమైన్ వివరాలు చూపే హూయిజ్‌లో కొత్త నేమ్‌సర్వర్లే ఉన్నాయి. పేజీ మాత్రం మొబైల్ డేటాలోనూ, ఇంటి ఫైబర్‌లోనూ తెరుచుకోదు. గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8ని అడిగితే సర్వ్‌ఫెయిల్ అనే ఎర్రర్. డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబు అసలైనదేనా అని డిజిటల్ సంతకంతో చూసే పద్ధతి) తనిఖీ ఆపి అడిగితే ఐపీ వస్తోంది. తవ్వితే తేలిందేంటంటే, పాత డీఎన్‌ఎస్ తాలూకు డీఎస్ రికార్డు (ఆ సంతకం కీని గుర్తుపట్టే రికార్డు) ఇంకా డాట్ కామ్ రిజిస్ట్రీలోనే (డాట్ కామ్ పేర్లన్నీ ఉండే మూల పట్టికలోనే) ఉంది. రిజిస్ట్రార్ ప్యానెల్‌లో చూస్తే డీఎన్‌ఎస్‌సెక్ ‘ఆఫ్’!

ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేశాను. టీటీఎల్ (రికార్డు క్యాష్‌లో ఉండే గడువు) 86400 సెకన్లు కదా అని అది దాటేదాకా ఆగాను. మార్పు లేదు. సపోర్ట్‌కి రాస్తే బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసుకోమంటారు, కాలవకి గండి పడితే ఇంట్లో కొళాయి కట్టెయ్యమన్నట్టు.

పేరు కొని 60 రోజులు దాటింది, ట్రాన్స్‌ఫర్ లాక్ లేదు. వేరే రిజిస్ట్రార్‌కి మారిస్తే ఆ డీఎస్ రికార్డు అక్కడ తీసేయించుకోవచ్చా, లేక పేరుతోపాటే వచ్చి అక్కడా ఇదే గొడవా?