ఫిషింగ్ రాడ్ గైడ్ల చుట్ల మీద ఎపాక్సీ: గైడ్ కాళ్ల పక్కనుంచి బుడగలు ఆపేదెలా?

నమస్కారమండి. చేపలు పట్టే రాడ్ తయారీలో, కార్బన్ బ్లాంక్ (రాడ్ అసలు కర్ర) మీద ‘ఎ’ సైజు నైలాన్ దారంతో గైడ్లు (గాలం దారం సాగే రింగులు) కట్టి, ఆ దారం చుట్ల మీద ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) పూస్తున్నాను. రెసిన్, హార్డెనర్ వేర్వేరు సిరంజిలతో చెరి 3 మి.లీ. తీసి, 3 నిమిషాలు మెల్లగా కలిపి, కప్పులో వేడెక్కి త్వరగా గట్టిపడకుండా అల్యూమినియం ఫాయిల్ మీద పరుస్తాను. పూత ఒకవైపు కారకుండా రాడ్‌ను మోటారు నిమిషానికి 18 సార్లు తిప్పుతుంది.

దారం మీద పూత అద్దంలా వస్తోంది. ఇబ్బందల్లా గైడ్ కాలి (దారంతో బ్లాంక్‌కు కట్టే భాగం) పక్కన, దారం కింద మిగిలే సన్నటి సందుతోనే. అందులోని గాలి ఆలస్యంగా ఒక్కో బుడగగా పైకొచ్చి, చిట్లిన చోట గుంట మిగులుస్తోంది. స్పిరిట్ దీపం సెగ చూపిస్తే లోపలి గాలి వ్యాకోచించి బుడగలు ఇంకా ఎక్కువవుతున్నాయి.

మొదటి పూత పల్చగా వేసి, మోటారు కాసేపు ఆపి, ఎపాక్సీని సందులోకి దిగనివ్వడం మంచిదేనా? పల్చన చేయడానికి అసిటోన్ కలపడం ఇష్టం లేదు, పూత మెత్తబడుతుంది. రెండో పూత 24 గంటలాగి వేస్తే ముందు గరుకు కాగితంతో రుద్దాలా?